పాత్ర మనసులోని పెనుగులాటను క్లాసులో ఎలా చెప్పాలి? ఏ నవలకు ఏ పద్ధతి?

తెలుగు పరీక్షల్లో నవల మీద తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: ఫలానా పాత్ర మానసిక సంఘర్షణను వివరించండి. వచ్చే జవాబుల్లో చాలా వాటిది ఒకే మూస. ముందు కథ క్లుప్తంగా, తర్వాత పాత్రలోని మంచి గుణాలు, లోపాలు, చివర్లో "ఈ విధంగా ఈ పాత్ర తీవ్ర మానసిక సంఘర్షణకు లోనైంది" అన్న వాక్యం. ఆ జవాబు మొత్తంలో సంఘర్షణ ఎక్కడా కనిపించదు. ఇందులో పిల్లల తప్పు లేదు. పాత్ర స్వభావం రాయడం వాళ్ళు హైస్కూల్ నుంచీ నేర్చుకుంటూ వచ్చారు. ఒక మనిషి తనతో తాను ఎలా పోట్లాడతాడో పేజీలో చూడటం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

దీన్ని నేర్పడానికి మన టీచర్లు వాడుతున్న, వాడగలిగే పద్ధతులు ప్రధానంగా అయిదు. పట్టిక గీయించడం, పాత్ర డైరీ రాయించడం, క్లాసులో వాదన పెట్టడం, ఒక్క పేజీని నిదానంగా చదివించడం, మనస్తత్వ శాస్త్రం సాయంతో వివరించడం. అన్నీ మంచివే అని వదిలేస్తే సలహా అడిగినవాళ్ళకు ఉపయోగం ఉండదు. కాబట్టి ఏది ఎప్పుడు పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉదాహరణలు మన నవలల నుంచే తీసుకుంటాను.

కష్టం వేరు, సంఘర్షణ వేరు

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఈ తేడా తెలియాలి. రావిశాస్త్రి 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య చేసిన అప్పు అతని కష్టం. అది బయటిది. ఎదుటి మనిషి ఎవరైనా సరే చూసి భయపడిపోవడం, అలా భయపడే తనను తానే ఈసడించుకోవడం, అయినా ఆ భయాన్ని విడిచి బతకలేకపోవడం లోపలిది. పిల్లలు మొదటిదాన్ని రాసి రెండోది రాశామనుకుంటారు.

దీనికి క్లాసులో ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. "ఈ పాత్ర అప్పు మనం తీర్చేద్దాం, శత్రువుల్ని ఊరు దాటిద్దాం, కావలసిన ఉద్యోగం ఇప్పిద్దాం. ఇప్పుడు ఆ మనిషికి మనశ్శాంతి వస్తుందా?" వస్తుందంటే మనం మాట్లాడుతున్నది కష్టం గురించి. రాదంటే, ఎందుకు రాదో చెప్పమనాలి. అక్కడి నుంచి అసలు పాఠం మొదలవుతుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావుకు పోయిన ఆస్తి మొత్తం తిరిగి ఇచ్చినా మళ్ళీ పోగొట్టుకుంటాడని పిల్లలే చెబుతారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి మీద పడిన నిందలు తెలియని ఊరికి పంపిద్దామా అని అడగండి. రచయిత ఆ పని చేసే చూపించాడు. దయానిధి రాయలసీమ వెళ్తాడు, ఆ బరువు కూడా అతని వెంటే వెళ్తుంది.

సంఘర్షణ పేజీలో ఎక్కడ ఉంది?

పద్ధతి ఎంచుకునే ముందు టీచర్ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది. నా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది. నవలలు మనసును ఒకే రకంగా చూపించవు.

కొన్నిట్లో రచయితే దగ్గరుండి చెబుతాడు: ఇతను ఇలా ఆలోచించాడు, ఎందుకంటే ఇతని స్వభావం ఇలాంటిది అని. 'అసమర్థుని జీవయాత్ర' చాలావరకు ఇలా నడుస్తుంది. కొన్నిట్లో రచయిత పక్కకు తప్పుకుంటాడు, ఆలోచనలే నేరుగా పారుతుంటాయి. మనం చైతన్య స్రవంతి అంటున్నది దీన్నే. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' మొత్తం ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు. ఆ రోజంతా మనం అతని తలలోనే ఉంటాం. ఇంకొన్నిట్లో ఆలోచనలు తక్కువ, చేతలు, మాటలు ఎక్కువ. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఈ తరహాకు దగ్గర. అందులోని ఇందిర తన లోపలి బాధ కూర్చుని చెప్పుకునే మనిషి కాదు. ఆమె ఎవరితో ఎలా మాట్లాడింది, ఎక్కడ మాట మార్చింది, దేన్ని నవ్వి తీసిపారేసింది, వీటి నుంచే మనం పట్టుకోవాలి.

చెప్పిన సంఘర్షణ, వినిపించిన సంఘర్షణ, చేతల్లో దాగిన సంఘర్షణ. ఈ మూడింటికీ ఒకే పద్ధతి వాడితే రెండు చోట్ల ఇబ్బంది పడతాం.

పట్టిక

బోర్డు మీద రెండు గడులు గీసి ఒక పక్క కోరిక, రెండో పక్క భయం రాయించడం. అందరికీ తెలిసిన పద్ధతి, అందరూ వాడేది. దీని బలం చిన్నది కాదు. క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా ఏదో ఒకటి చెప్పగలుగుతారు. పరీక్షలో జవాబు రాసేటప్పుడు పాయింట్లు గుర్తుంటాయి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో పూర్తవుతుంది.

బలహీనత ఏమిటంటే, పట్టిక సంఘర్షణను కదలకుండా ఆపేస్తుంది. రెండు వైపులా సమానమైన బరువు ఉన్నట్టు, ఆ పాత్రకు రెండూ స్పష్టంగా తెలిసినట్టు కనిపిస్తుంది. నవలలో అలా ఉండదు. మొదటి అధ్యాయంలో గొప్పతనం అనుకున్నది పదో అధ్యాయానికి భయంగా బయటపడుతుంది. సీతారామారావు అడిగినవాళ్ళకు ఇచ్చే డబ్బును "ఉదారత" గడిలో రాయాలా, "పేరు పోతుందన్న భయం" గడిలో రాయాలా? మొదట్లో అతనికీ తెలియదు. తెలియకపోవడమే ఆ పాత్ర.

అందుకే పట్టిక వాడేవాళ్ళు మూడు గడులు గీయించండి: ఈ మనిషికి ఏం కావాలి, తనకు ఏం కావాలని తను అనుకుంటున్నాడు, చివరకు ఏం చేశాడు. పక్కన పేజీ నంబరు వేయాలి. నంబరు లేని మాట బోర్డు మీదకు రాకూడదు. ఈ ఒక్క నియమం పెడితే గైడ్‌లోంచి బట్టీ పట్టిన వాక్యాలు చాలావరకు ఆగిపోతాయి.

చేతల్లో దాగిన సంఘర్షణకు ఈ మూడు గడుల పట్టిక బాగా సరిపోతుంది. 'కాలాతీత వ్యక్తులు'లో మెడిసిన్ చదివే ప్రకాశం ఇందిరకూ కల్యాణికీ మధ్య ఊగిసలాడతాడు. అతని మాటలు ఒక గడిలో, చేతలు ఇంకో గడిలో పెట్టి చూస్తే రెంటికీ మధ్య ఎంత ఎడం ఉందో పిల్లలకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. 'అంపశయ్య'కు మాత్రం పట్టిక వద్దు. పారుతున్న ఆలోచనను గడుల్లో పెడితే మిగిలేది ఏమీ ఉండదు.

డైరీ రాయించడం

పాత్ర గొంతుతో డైరీ పేజీ రాయండి అంటే పిల్లలు ఉత్సాహంగా రాస్తారు. క్లాసులో నోరు విప్పనివాళ్ళు కూడా కాగితం మీద మాట్లాడతారు. అందుకే ఈ పద్ధతి నాకు ఇష్టం. కానీ మామూలుగా వాడితే రెండు సమస్యలు వస్తాయి.

మొదటిది, పాత్ర పోయి రాసిన విద్యార్థి మిగులుతారు. దయానిధి ఈ కాలం కాలేజీ కుర్రాడిలా బ్రేకప్ గురించి, కెరీర్ గురించి టెన్షన్ పడుతుంటాడు. అతని కాలం, కులం, ఊరు, తల్లి పేరు మీద ఊరు వేసిన మచ్చ, ఇవేవీ డైరీలో ఉండవు. దీనికి మందు సులువే: నవలలోని వివరాలు కనీసం మూడు డైరీలో రావాలని ముందే చెప్పడం.

రెండోది లోతైన సమస్య. డైరీ రాసే పాత్రకు తన గురించి అంతా తెలిసిపోతుంది. "నేను పేరు కోసం ఆస్తి తగలేస్తున్నాను, నిజానికి నేను పిరికివాణ్ణి" అని సీతారామారావు చేత రాయిస్తారు. ఆ మాట అంత స్పష్టంగా తనకు తాను చెప్పుకోగలిగితే అతని జీవితం అలా అయ్యేదే కాదు. మంచి నవలలో ముఖ్యమైన సంఘర్షణ తరచూ పాత్రకు తెలియని చోట ఉంటుంది. మామూలు డైరీ సరిగ్గా దాన్నే చెరిపేస్తుంది.

కాబట్టి నేను సూచించేది అబద్ధాల డైరీ. పాత్ర తనను తాను ఎలా మోసగించుకుంటుందో అలాగే రాయమనండి. సీతారామారావు డైరీ రాస్తే తన ప్రతి పనికీ ఒక గొప్ప కారణం చెప్పుకుంటాడు, లోకాన్ని తిడతాడు, తత్వం మాట్లాడతాడు. రాసిన డైరీని పక్క విద్యార్థికి ఇవ్వాలి. ఆ విద్యార్థి పని, డైరీలో పాత్ర ఎక్కడెక్కడ తనకు తాను అబద్ధం చెప్పుకుందో గుర్తించి, నవలలోని పేజీని సాక్ష్యంగా చూపడం. విశ్లేషణ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. రాసేవాళ్ళకు పాత్ర గొంతు పట్టుబడుతుంది, దిద్దేవాళ్ళకు సాక్ష్యం వెతకడం అలవాటవుతుంది. రచయిత దగ్గరుండి మనసును వివరించే నవలలకు ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు. ఎందుకంటే అక్కడ రచయిత చెప్పింది అప్పజెప్పడం చాలా తేలిక, అబద్ధాల డైరీలో ఆ తేలిక దారి మూసుకుపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సీతారామారావు కథ శ్మశానంలో, చాలా దారుణంగా ముగుస్తుంది. ఆ చివరి భాగానికి డైరీ రాయించకండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లల చేత చావుకు దగ్గరైన మనిషి గొంతును "నేను" అంటూ రాయించాల్సిన అవసరం ఏ పాఠానికీ లేదు. క్లాసులో ఎవరి పరిస్థితి ఏమిటో మనకు పూర్తిగా తెలియదు. ఆ భాగాన్ని టీచర్ చెప్పాలి, బయటి నుంచి చర్చించాలి, ఎవరైనా మౌనమైపోతే క్లాసు అయ్యాక పలకరించాలి.

క్లాసులో వాదన

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలపకూడదు. ఒకటి కోర్టు: పాత్రను బోనులో నిలబెట్టి తప్పా ఒప్పా తేల్చడం. రెండోది ఇద్దరు విద్యార్థులు ఒకే పాత్రలోని రెండు గొంతులై మాట్లాడుకోవడం.

కోర్టు పద్ధతిని నేను సిఫారసు చేయను. క్లాసు హోరెత్తిపోతుంది నిజమే, ఆ హోరు చూసి పాఠం బాగా జరిగిందనిపిస్తుంది. కానీ తీర్పు వచ్చాక సంఘర్షణ గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. స్త్రీ పాత్రల విషయంలో ఇది మరీ అన్యాయం. ఇందిరను బోనులో నిలబెట్టగానే చర్చ ఆమె ప్రవర్తన మీదకు మళ్ళుతుంది. తండ్రి బాధ్యత లేకుండా తిరుగుతుంటే ఇంటిని లాక్కొచ్చిన అమ్మాయి, తనకోసం తాను కొంచెం బతకాలనుకోవడం ఎలాంటి పెనుగులాటో ఆ చర్చలో ఎవరికీ పట్టదు. వింటున్న ఆడపిల్లలకు దాన్నుంచి అందే పాఠం కూడా మంచిది కాదు.

రెండు గొంతుల పద్ధతి వేరు. ప్రకాశంగా ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు కావాలంటారు, ఇంకొకరు భయపెడతారు. మిగతా క్లాసు పుస్తకం తెరిచి పెట్టుకుని, నవలలో లేని మాట వస్తే ఆపుతుంది. చదవడం నెమ్మదిగా ఉన్న క్లాసులకు ఇది చాలా మేలు చేస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు విని అర్థం చేసుకునే, చదవడానికి మాత్రం తడబడే మన పిల్లలకు కూడా ఇదే మొదటి మెట్టు. టీచర్ ఒక పేజీ చదివి వినిపిస్తే, మధ్యలో ఇంగ్లీషు దొర్లినా వాళ్ళు ఆ రెండు గొంతులూ పట్టుకోగలరు.

ఒక్క పేజీ, నిదానంగా

వీటన్నిట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. నవల మొత్తం చదివించే టైము చాలా కాలేజీల్లో ఉండదు. సారాంశం చెప్పి వదిలేయడం కన్నా, కథ క్లుప్తంగా చెప్పి ఒక కీలకమైన పేజీ మీద రెండు పీరియడ్లు ఖర్చు పెట్టడం ఎన్నో రెట్లు మేలు.

పేజీ ఎంపికలోనే సగం పని ఉంది. పాత్ర బోరున ఏడ్చే పేజీ, పెద్ద గొడవ జరిగే పేజీ వద్దు. వాటిలో అంతా పైకే కనిపిస్తుంది. పాత్ర ఒక నిర్ణయం తీసుకోబోయి ఆగిన చోటు, అనాలనుకున్న మాట మింగేసిన చోటు, చిన్న విషయానికి అతిగా కోప్పడిన చోటు వెతకండి.

తర్వాత పైకి చదవాలి, తొందర లేకుండా. "కానీ", "అయినా", "ఏమో", "పోనీ" లాంటి మాటల కింద గీత గీయించాలి. మధ్యలో ఆగిపోయిన వాక్యాలు, తనకు తాను వేసుకున్న ప్రశ్నలు గుర్తించమనాలి. మనసు ఎటు నుంచి ఎటు తిరిగిందో ఆ చిన్న మాటల దగ్గరే దొరుకుతుంది.

ఇంకో మెట్టు పైకి వెళ్తే, ప్రతి వాక్యం దగ్గరా ఆగి అడగాలి: ఈ వాక్యం ఎవరిది? రచయితదా, పాత్రదా, ఊరిదా? తెలుగు కథనంలో "అనుకున్నాడు" అన్న మాట లేకుండానే ఆలోచన కథలోకి జారిపోతుంది. చదివేవాళ్ళు అది రచయిత చెప్పిన సత్యం అనుకుంటారు. నిజానికి అది పాత్ర భయం కావచ్చు, ఎప్పుడో ఎవరో అన్న మాట కావచ్చు. మూడు రంగుల పెన్సిళ్ళు ఇచ్చి మూడు గొంతుల కింద మూడు గీతలు గీయించండి. 'చివరకు మిగిలేది'కి దీన్ని మించిన పద్ధతి లేదని నా గట్టి నమ్మకం. దయానిధి తలలో ఊరు కాపురముంటుంది. తల్లి మీద అతనికి ఉన్న ప్రేమ ఒక రంగులో, ఆమె గురించి లోకం అన్న మాటలు ఇంకో రంగులో వస్తాయి. కొన్ని వాక్యాల దగ్గర పిల్లలు ఏ రంగు వేయాలో తెలియక ఆగిపోతారు. ఆ ఆగిన చోట తొందరపెట్టకండి. లోకం మాటనూ తన మాటనూ విడదీసుకోలేకపోవడమే దయానిధి బాధ అని వాళ్ళు సొంతంగా కనుక్కునేది అక్కడే.

'అంపశయ్య'కు కూడా ఇదే సరైన దారి. అందులో పేజీ పొడవునా రవి ఆలోచన నుంచి ఆలోచనకు గెంతుతుంటాడు కాబట్టి, ప్రతి గెంతు దగ్గరా "ఇప్పుడు ఇది ఎందుకు గుర్తొచ్చింది?" అని అడిగితే చాలు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు రవిని వెంటనే గుర్తుపడతారు. అయితే అతని తలలో వచ్చే ఆలోచనలను రచయిత దాపరికం లేకుండా పెట్టాడు, వాటిలో లైంగికమైనవీ ఉంటాయి. టీచర్ నవల పూర్తిగా చదివి, పేజీలు ముందే ఎంచుకుని క్లాసుకు వెళ్ళాలి.

ఈ పద్ధతిలో ఉన్న కష్టం ఒక్కటే, టీచర్ తయారీ ఎక్కువ కావాలి. పట్టికలాగా అప్పటికప్పుడు బోర్డు మీద నడిపించలేం.

మనస్తత్వ శాస్త్రం

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రాయిడ్, ఆడ్లర్ పేర్లు మన నవలా విమర్శలో ఎప్పటి నుంచో ఉన్నాయి. పీజీలో వాటిని చదవాల్సిందే. డిగ్రీలో, ఇంటర్‌లో వాటితో మొదలుపెట్టకండి. సుబ్బయ్యది ఆత్మన్యూనతా భావం అని మొదటి రోజే చెప్పేస్తే, పిల్లలు ఆ మాట నోట్సులో రాసుకుని పుస్తకం మూసేస్తారు. పేజీలో సుబ్బయ్య ఎలా వణికాడో, ఆ వణుకులో ఎక్కడ కోపం కలిసిందో చూడరు. పేజీ చదవడం పూర్తయ్యాక, వాళ్ళు గమనించినదానికి ఒక పేరుగా పరిచయం చేస్తే అప్పుడు ఉపయోగం.

మీ క్లాసుకు ఏది?

ఇంటర్ పిల్లలకు, మొదటిసారి నవల చదివేవాళ్ళకు 'కాలాతీత వ్యక్తులు' తీసుకుని మూడు గడుల పట్టిక, రెండు గొంతుల సంభాషణ చేయించండి. పాత్రలు వాళ్ళకు దగ్గర వయసువే, భాష అడ్డం రాదు. ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. నవలకు బదులుగా దాన్ని చూపించి సరిపెట్టకండి. నవలలోని ఇందిరను పేజీల్లోనే కలవాలి.

డిగ్రీకి 'అసమర్థుని జీవయాత్ర' లేదా 'అల్పజీవి', అబద్ధాల డైరీతో. తెలుగు ప్రధానంగా చదివేవాళ్ళకు, పీజీకి 'చివరకు మిగిలేది', మూడు రంగుల పెన్సిళ్ళతో. చేతిలో ఒక్కటే పీరియడ్ ఉంటే నవల ఏదైనా సరే, ఒక్క పేజీ చదవండి, మిగతావన్నీ వదిలేయండి.

పద్ధతి మార్చి ప్రశ్నపత్రం మార్చకపోతే పిల్లలు తిరిగి గైడ్ దగ్గరకే వెళ్తారు. వాళ్ళకు కావలసింది మార్కులు, అందులో తప్పేమీ లేదు. యూనివర్సిటీ పేపరు మన చేతిలో ఉండదు, ఇంటర్నల్ పరీక్ష ఉంటుంది. అక్కడ "వివరించండి" అన్న ప్రశ్న తీసేసి, నవలలోంచి పది పన్నెండు వాక్యాలు ఇవ్వండి. వాటి కింద మూడు చిన్న ప్రశ్నలు పెట్టండి: ఇక్కడ ఈ పాత్ర పైకి ఏం అంటోంది? దాచుకుంటున్నది ఏమిటి? అది దాచుకుంటోందని మీకు ఏ మాట వల్ల తెలిసింది? ఎక్కువ మార్కులు మూడో ప్రశ్నకు పెట్టండి.